కానుగ గింజకు గిట్టుబాటు ధర యేది?

డీజిలు ధర పెరిగినదన్న వార్త కారు గలవారిని మాత్రమే బాధించునది కాదు. అది మొదట రైతు ట్రాక్టరును సోకును. పిదప కూరగాయల లారీ నెక్కును. తుదకు జన్మమున మోటారు బండి యెక్కి యెరుగని ముదుసలి యింటి వంటకుండలో దిగును. మన దేశమున పెట్రోలుకంటె డీజిలు రెండింతలకు మించి ఖర్చగుచున్నది. మనకు కావలసిన ముడినూనెలో నూటికి 85 పాళ్లకు పైగా విదేశములనుండియే వచ్చుచున్నది. ఇట్టి పరాధీనత నడుమ స్వదేశీ యను మాట కర్థమేమో విజ్ఞులాలోచింతురుగాక!

2014 అక్టోబరులో డీజిలు ధరపై నియంత్రణ తొలగింపబడెను. ప్రపంచ విపణిలో ధర పెరిగిన పెరుగునని, తరిగిన తరుగునని ప్రజలు నమ్మిరి. కాని 2020 మే నాటికి ముడినూనె ధర పడిపోయియుండగా, కేంద్రప్రభుత్వము లీటరు డీజిలుపై సుంకమును ఒక్కమారుగా 13 రూపాయలు పెంచెను. 2021, 2022 సంవత్సరములలో కొంత తగ్గించిన మాట నిజమే. అయినను నష్టము వచ్చిన ప్రజలది, లాభము వచ్చిన బొక్కసముది యను నీతి న్యాయమనిపించుకొనదు.

ఈ భారము మోయలేని బండివారు సీసాలలో నమ్ము మందుల నాశ్రయించుచున్నారు. మూతెడు పోసిన మైలేజి పెరుగునని ప్రకటనలు ఘోషించుచున్నవి. ఇంజెక్టరులోని మసిని కడుగు మందులుండవచ్చును. చమురులో లేని శక్తిని పుట్టించు మందు మాత్రము లేదు. ప్రభుత్వము చేయవలసిన పనిని సీసా చేయజాలదు.

మరి మార్గమేది? 1900 లో పారిసు ప్రదర్శనమున ఒక డీజిలు యంత్రమును వేరుసెనగ నూనెతో నడిపి చూపిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కరవైనప్పుడు మన బస్సులు బొగ్గు వాయువుతో నడచినవి. కాబట్టి ప్రత్యామ్నాయము క్రొత్త సంగతి కాదు. లేనిది నిలుకడయైన పూనికయే.

పెట్రోలు విషయమున ఆ పూనిక కనబడినది. 2014 లో నూటికి రెండు పాళ్లయినను లేని ఇథనాలు మిశ్రమము 2025 నాటికి 20 పాళ్లకు చేరెను. ప్రభుత్వము ధర ముందుగా నిర్ణయించి, కొనుగోలునకు హామీ యిచ్చుటయే యిందులకు ముఖ్యకారణము. డీజిలు కథ వేరు. జత్రోఫా యను అడవియాముదమును నాటుడని రైతులను ప్రోత్సహించిరి. 2006 జనవరి నుండి బయోడీజిలును లీటరు 25 రూపాయలకు కొందుమనిరి. ఆ ధర ఉత్పత్తి వ్యయమునకే చాలలేదు. మొక్కలు ఎండినవి, మిల్లులు మూతబడినవి. 2018 విధానము 2030 నాటికి 5 పాళ్లను లక్ష్యముగా పెట్టినను, ఇంతవరకు ఒక పాలు నిండుటయే గగనమైనది.

తిండిగింజలను ఇంధనముగా మార్చిన పేదవాని నోటికి లోటు రాదా యని కొందరడుగుదురు. సరియైన ప్రశ్నయే. మొక్కజొన్నను, బియ్యమును ఇథనాలునకు మరలించునప్పుడు ఈ ప్రశ్న వేయవలసినదే. కాని కానుగ నూనె తినదగినది కాదు. ఆ చెట్టు పొలము గట్టునను, బాట ప్రక్కనను పెరుగును; ఆకు పచ్చిరొట్టయగును; వరిమడి నీటిని హరింపదు. ముడి నూనె చిక్కనిదగుటచే ఇంజెక్టరును మూయును గాని, మిథనాలుతో శుద్ధిచేసిన డీజిలులో చక్కగా కలియును. హోటళ్లలో మాటిమాటికి మరగి విషతుల్యమైన వంటనూనెయు ఇట్లే ఉపయోగపడును. 2018 లో ఆహారభద్రతా సంస్థ అట్టి నూనె సేకరణకు పూనుకొన్నది. ఆ సేకరణ ఊరూర సాగవలెను.

కానుగ యొక్కటే దేశపు డీజిలు కొరతను తీర్చునని మేమనుట లేదు. కాని కొన్నియేండ్లకుగాని కాపునకు రాని చెట్టును నాటుమని రైతుతో చెప్పువారు, ఆ యేండ్ల పిమ్మట గింజను ఏ ధరకు కొందురో ముందే చెప్పవలదా? చెరకు రసమునకు దొరికిన హామీ కానుగ గింజకు దొరకరాదా? విదేశపు నూనెకు అడిగినంత చెల్లించు దేశము, స్వదేశపు గింజకడ పైసలు లెక్కించుట వివేకము కాదు. లక్ష్యములు ప్రకటించినది చాలును. ఇక ధర ప్రకటింపుడు!