గృహనిర్వాహకత్వము: ఫ్రిజ్‌లో గ్యాసు అయిపోయిందా?



గత వేసవిలో ఒక సాయంత్రం గృహదర్శనానికి వెళ్ళాను. ఆ ఇంటి మామ్మగారికి చాలా ఏళ్ళుగా చక్కెర వ్యాధి. రోజూ ఇన్సులిన్ వేసుకుంటారు. పది రోజులుగా నీరసం, విపరీతమైన దాహం. పరీక్ష చేయిస్తే చక్కెర బాగా పెరిగి ఉంది. "మందు మానలేదయ్యగారూ, పూట తప్పకుండా నేనే వేస్తున్నాను" అని కోడలు కన్నీళ్ళు పెట్టుకుంది.

ప్రార్థన ముగిశాక ఆమె మరో కష్టం చెప్పింది. ఫ్రిజ్ సరిగా చల్లబడటం లేదు, పాలు విరిగిపోతున్నాయి. చూసిన మెకానిక్ గ్యాసు అయిపోయిందని, ఎక్కించడానికి మూడు వేలు అవుతుందని చెప్పి వెళ్ళాడు. ఆ డబ్బు కోసం చూడి మేకను అమ్మాలనుకుంటున్నారు.

నేను ఫ్రిజ్ తలుపు తీసి చూశాను. పైనున్న ఫ్రీజరు చుట్టూ రెండు వేళ్ళ మందాన మంచు పేరుకొని ఉంది. అడుగున కూరగాయల పెట్టె మాత్రం వెచ్చగా ఉంది. చల్లదనం మీటను చివరి అంకె 7కు తిప్పి పెట్టారు. ఇన్సులిన్ సీసా ఆ మంచును ఆనుకొని ఉంది. లోపలి మందు గడ్డ కట్టింది.

"రోజూ ఇలాగే ఉంటుందండి. బయటపెట్టి, కరిగాక వేస్తున్నాం" అన్నది ఆ అమ్మాయి.

సంగతి అక్కడ బయటపడింది. వాడని ఇన్సులిన్ సీసాను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఒకసారి గడ్డ కడితే, కరిగాక చూపుకు మామూలుగా ఉన్నా అది పనికిరాదు. మరునాడు డాక్టరుగారు కూడా ఆ సీసాను పారవేయించి కొత్తది వ్రాసిచ్చారు.

ఇక ఫ్రిజ్ సంగతి. అది చలిని పుట్టించే యంత్రం కాదు. లోపలి వేడిని తోడి బయట పారబోసే యంత్రం. ఫ్రీజరు మీద మంచు మందంగా పేరుకుంటే దానికి గొంగళి కప్పినట్లే. మంచును ఆనుకున్నది గడ్డ కడుతుంది, క్రిందికి చల్లదనం దిగదు, కంప్రెసరు ఆగకుండా తిరిగి కరెంటు కాలుస్తుంది. గ్యాసు మాట కూడా వినండి. వంట గ్యాసులాగా ఇది వాడేకొద్దీ తరగదు. మూసివున్న గొట్టాలలో అదే గ్యాసు ఏళ్ళ తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లి పడిందన్నమాట. ఆ చిల్లి పూడ్చకుండా గ్యాసు ఎక్కించడం ఓటికుండలో నీళ్ళు పోయడమే.

మెకానిక్‌ను పిలవకముందు ఇవి చూసుకోండి:

1. మంచు అర సెంటీమీటరు మందం కాకమునుపే కరిగించండి. ఒకే తలుపున్న ఫ్రిజ్‌లలో చాలావాటికి మీట మధ్యలో బొత్తాం ఉంటుంది. రాత్రి దాన్ని నొక్కితే మంచు కరిగిపోయి, తరువాత యంత్రం తనంతట తానే నడుస్తుంది. చాకుతో మాత్రం పొడవకండి. కొన్నేళ్ళ క్రితం నేను ఆ తొందరపనే చేశాను. బుస్సుమని గ్యాసు పోయింది. ఫ్రీజరు గోడ అంత పలుచన.

2. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూయండి. లాగితే సుళువుగా వచ్చేస్తే తలుపు రబ్బరు పట్టడం లేదు. గోరువెచ్చని సబ్బునీటితో కడిగి తుడవండి. చిరిగితే రబ్బరు ఒక్కటే మార్చుకోవచ్చు.

3. గోడకు 10 సెంటీమీటర్ల దూరం ఉంచండి. పొయ్యి ప్రక్కన, ఎండ తగిలేచోట పెట్టవద్దు. వెనుక నల్లని గొట్టాలుంటే, ఏడాదికి రెండుసార్లు ప్లగ్గు తీసి దుమ్ము దులపండి.

4. మీటను మామూలుగా మధ్య అంకె మీద ఉంచితే చాలు. చివరకు త్రిప్పినంత మాత్రాన త్వరగా చల్లబడదు. అన్నం, కూర వేడి తగ్గాకనే మూతపెట్టి లోపల ఉంచండి.

5. కరెంటు పోతే స్విచ్చి కట్టేయండి. వచ్చాక 5 నిమిషాలు ఆగి వేయండి. తలుపు తీయకుంటే దాదాపు 4 గంటలు చల్లదనం నిలుస్తుంది. గుర్రుమని మూలిగి, టిక్కుమని ఆగిపోతుంటే వోల్టేజి తక్కువై ఉండవచ్చు. వెంటనే కట్టేయండి. మీ ఊళ్ళో వోల్టేజి నిలకడ లేకపోతే స్టెబిలైజరు అవసరం.

6. అడుగున నీరు నిలుస్తుంటే వెనుక గోడకున్న చిన్న రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి. వెనుక నీళ్ళ పళ్ళెం ఉంటే వారానికొకసారి పారబోసి రుద్ది కడగండి. డెంగ్యూ దోమ అటువంటి నీటిలోనే గుడ్లు పెడుతుంది.

7. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తు తప్పనిసరి. ముట్టుకుంటే జిల్లుమంటే వాడడం ఆపండి.

యంత్రం తిరుగుతున్నా ఫ్రీజరులో మంచు పొర కూడా పట్టకపోతే, మాడువాసన వస్తే, అప్పుడు మెకానిక్ కావాలి. వెనుక రేకు మీద ఆర్-600ఎ అని ఉంటే అది మండే గ్యాసు. పని తెలిసినవారినే పిలవండి. కొత్తది కొనేవారు నక్షత్రాల చీటీ చూడండి. ఆ పథకం 2006లో మొదలైంది. ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో చీటీ మీదే ఉంటుంది.

ఇన్సులిన్‌ను ఫ్రీజరుకు, తలుపుకు దూరంగా, మధ్య అరలో మూతడబ్బాలో ఉంచండి.

ఆ రాత్రి వారు ఫ్రిజ్ కట్టేసి, ఉన్న కూరలు ప్రక్కింటివారికి పంచిపెట్టారు. తెల్లవారేసరికి మంచంతా కరిగింది. రబ్బరు కడిగి, గోడకు ఎడంగా జరిపి, మీటను 3 మీద పెట్టారు. సాయంత్రానికి అడుగు అర వరకు చల్లబడింది. మేకను అమ్మలేదు. కొత్త మందుతో మామ్మగారు కోలుకొని, మూడవ ఆదివారం ఆరాధనకు వచ్చారు.

అయినా నా మనస్సు నన్ను గద్దించింది. అంతకుముందు ఆదివారం సంఘమంతా ఆమె కొరకు ప్రార్థించాము. మందు సీసా ఎక్కడ పెడుతున్నారని మాలో ఒక్కరమూ అడగలేదు. నేనూ అడగలేదు. అయిదువేల మందికి ఆహారము పెట్టిన ప్రభువు, మిగిలిన ముక్కలను కూడా పోగుచేయించాడని యోహాను సువార్త 6వ అధ్యాయంలో చదువుతాము. అద్భుతము చేయగలవాడే అంత జాగ్రత్త నేర్పితే, మనమెంత జాగ్రత్తగా ఉండవలెను!

ఈ శనివారం పది నిమిషాలు మీ ఫ్రిజ్ చూసుకోండి. తరువాత, మీ వీధిలో ఇన్సులిన్ వేసుకునే పెద్దలుంటే వారింటికి వెళ్ళి, వారి సీసా ఏ అరలో ఉన్నదో అడగండి.

ప్రభువు మీ గృహములను కాపాడును గాక. ఆమేన్.