లెక్క కుదిరింది గాని...

వరికోతలైన తరువాత మా బాన్సువాడ పక్క పొలాల్లో గొర్రెల మంద పెట్టించడం మామూలే. నిజాంసాగరు కాలువ కింద మడికి అంతకన్న మంచి ఎరువు లేదంటారు పెద్దలు. మొన్న మా మడిలోనూ మంద దిగింది. తెల్లవారగానే కాపరి గొర్రెలను లెక్కపెట్టుకుని, "అరవై. సరిపోయినయి" అన్నాడు. అతని భార్య మంద వంక ఒక్కసారి చూసింది.

"ఏం సరిపోయినయి? మన నల్లచెవుల గొర్రె ఏది? ఈ మచ్చల గొర్రె మనది కాదు!"

లెక్క కుదిరింది, మంద కుదరలేదు.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే, హైదరాబాదునుంచి సెలవులకు వచ్చిన మా మేనకోడలు పకపక నవ్వింది. "మా చదువులో పెద్ద లొల్లి అదే, అత్తమ్మా!" అన్నది.

అది చదివేది జీవకణాల శాస్త్రం. సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి, గాజుపాత్రలో పెరిగే కణాలను ఇన్ని నిమిషాలకొకసారి అని ఫోటో తీస్తారట. ఆ బొమ్మలను వరసగా ఆడిస్తే సినిమా అవుతుంది. అది నాకొకటి చూపించింది. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే అమెరికన్ ఇల్లాలి పుట్టకురుపునుంచి తీసిన కణాల సంతతి అది. ఇప్పటికీ పెరుగుతూనే వున్నది. అరగంటకొకటి చొప్పున 92 బొమ్మలు. కణాలు కదులుతాయి, గుండ్రబడతాయి, ఒక్కొక్కటి రెండై విడిపోతుంది. ఏది ఎటు పోయిందో, ఏ తల్లికి ఏ బిడ్డలో చూడబోతే నాకు కళ్ళు తిరిగాయి. ఈ కాపరితనం కంప్యూటరుకు అప్పగిస్తారు. మరి కంప్యూటరు చెప్పింది నిజమేనా?

"నిజం కాకపోతే కొంప మునిగేదేముందే?" అన్నాను.

మునుగుతుందట. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్ మందు కణవిభజనకు అడ్డుపడుతుంది. రక్తపు క్యాన్సర్ వచ్చిన పసిపిల్లలకు ఆ మందిస్తే, కొంతకాలమైనా వ్యాధి వెనక్కు తగ్గిందని 1948లో డాక్టరు సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. అటువంటి కొత్త మందొకదాన్ని పరీక్షిస్తున్నారనుకోండి. మొదట నూరు కణాలున్నాయి. రెండు రోజుల తరువాతా నూరే. అంటే ఏమిటి? ఒక్కటీ విడిపోలేదా? లేక యాభై చచ్చి, మిగిలిన యాభై రెండేసి అయ్యాయా? లెక్క ఒకటే, మందు గుణం మాత్రం రెండు రకాలు. తల్లీబిడ్డల వరస తెలిస్తేనే గుట్టు తెలుస్తుంది.

అందుకని కాపరికే పరీక్ష పెట్టారు. 2012లో మొదలైన సెల్ ట్రాకింగ్ ఛాలెంజ్ అనే అంతర్జాతీయ పోటీలో, ముందుగా ముగ్గురు మనుషులు విడివిడిగా చూసి ఏది ఏ కణమో గుర్తిస్తారు. ఎక్కువమంది మాటే అసలు జవాబు. కంప్యూటరు జవాబును దానితో పోల్చి, తప్పులు దిద్దడానికి ఎంత శ్రమ పడుతుందో అంత జుల్మానా వేస్తారు. చూడకుండా వదిలేసిన కణానికి 10. రెండింటిని ఒకటిగా చూపితే 5. లేని కణాన్ని వున్నదంటే 1. కలపవలసిన దారి కలపకపోతే 1.5.

"మా కంప్యూటరుకు నూటికి 99 వచ్చినయి" అన్నది అమ్మాయి గర్వంగా.

"ఇంకేం, ఫస్టుక్లాసు!"

"తొందరపడకు, అత్తమ్మా. ఒక బొమ్మనుంచి తరువాతి బొమ్మకు పోయే ప్రతి అడుగులోనూ నూటికి 99 సరిగానే వేసిందనుకో. 92 బొమ్మలంటే 91 అడుగులు. చివరిదాకా ఒక్క తప్పు లేకుండా నడిచే కణాలెన్ని?"

కాగితంమీద వేసి చూపింది. నూటికి దాదాపు 40! మిగిలిన 60 ఎక్కడో ఒకచోట దారి తప్పినవే. పైగా జుల్మానా పట్టీలో కణాన్ని వదిలేయడం పెద్ద తప్పు, తల్లీబిడ్డల బంధం తెంపడం చిన్న తప్పు. కాబట్టి మొత్తం మార్కు ఘనంగా వున్నా వంశవృక్షం చిందరవందర కావచ్చు. అందుకే తెలిసినవాళ్ళు ఆ ఒక్క మార్కుతో సరిపెట్టుకోరట. మొదటినుంచి చివరిదాకా తెగని దారులెన్ని, పట్టుకున్న విభజనలెన్ని అని విడిగా అడుగుతారు.

సాయంత్రం కాపరి పక్క మందకు పోయి, మచ్చల గొర్రెనిచ్చి నల్లచెవులదాన్ని తోలుకొచ్చాడు. ఇప్పుడూ అరవయ్యే.

మన పిల్లల మార్కుల కాగితాలు చూసేటప్పుడు కూడా మొత్తం చూసి మురిసిపోయేవాళ్ళమే ఎక్కువ. ఆ ఇల్లాలిలా నల్లచెవుల గొర్రె ఏదని అడిగేవారు ఇంటికొక్కరైనా వుండాలి!