అప్పుకు కాంటాక్టులెందుకు?

2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. యాప్ వేసుకునేటప్పుడు ‘అలో’ అని నొక్కినందుకు ఫోన్‌లోని నంబర్లు, ఫొటోలన్నీ యాప్ నిర్వాహకుల చేతికి చిక్కాయి. వాయిదా తప్పగానే బంధువులను, ఆఫీసువాళ్లను చేర్చి వాట్సాప్ గ్రూపు కట్టడం, ఫొటో మీద ‘మోసగాడు’ అని రాసి పంపడం! పరువు తీయడమే వాళ్ల వసూలు పద్ధతి.

రుణ యాప్‌లు కాంటాక్టులు, ఫొటోల జోలికి పోరాదని 2022లో రిజర్వ్ బ్యాంక్ తేల్చిచెప్పింది. ఆ సంగతి ఎంతమందికి తెలుసు?

గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017లోనే ప్రకటించింది. ఆ హక్కును కాపాడుకునే తెలివిడి బడిలోనే నేర్పాలి. పెద్దలు మాత్రం ఈరోజే ఫోన్ సెట్టింగ్స్ తెరిచి, ఏ యాప్‌కు ఏ అనుమతి ఉందో చూసి, అక్కర్లేనివి తీసేయండి. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయక సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.