మత్తులో ఉంటే కదలని కారు: ఢిల్లీ రోడ్లకు ఎంత దూరంలో ఉంది?

1999 జనవరి 10 తెల్లవారుజామున ఢిల్లీ లోధీ కాలనీ ప్రాంతంలో ఒక బీఎండబ్ల్యూ కారు ఆరుగురి ప్రాణాలు తీసింది. వారిలో ముగ్గురు పోలీసులు. కారు నడిపిన యువకుడి రక్త నమూనా తీసింది ఆ రోజు మధ్యాహ్నం. అప్పటికి కూడా అందులో 0.115 శాతం ఆల్కహాల్ ఉంది. అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 115 మిల్లీగ్రాములు. మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములే. ప్రమాదం జరిగిన వెంటనే శ్వాస పరీక్ష చేయలేదన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తుది తీర్పు వచ్చేసరికి 2012 ఆగస్టు అయింది.

ఆలస్యం ఇక్కడ చిన్న విషయం కాదు. తాగిన ఆల్కహాల్‌ను కాలేయం విరగ్గొడుతూనే ఉంటుంది. సగటు మనిషి రక్తంలో 100 మిల్లీలీటర్లకు గంటకు సుమారు 10 నుంచి 20 మిల్లీగ్రాముల చొప్పున అది తగ్గిపోతుంది. ఆసుపత్రి, స్టేషన్, కాగితాల మధ్య మూడు నాలుగు గంటలు గడిస్తే, హద్దు దాటి తాగినవాడు కూడా పరీక్షలో నెగ్గవచ్చు. పోలీసు నాకాలో జరిగే బ్రెత్ అనలైజర్ పరీక్ష ఇంతకంటే నయం. కానీ అది కూడా బండి రోడ్డెక్కిన తర్వాతి మాటే. పైగా ఏ రాత్రి, ఏ కూడలిలో నాకా ఉంటుందో మందు పార్టీల వాట్సాప్ గ్రూపులకు ముందే తెలిసిపోతుంది.

పరీక్షను బండి కదలకముందే పెట్టాలన్నది వాహనంలోని సాంకేతికత వెనుక ఉన్న ఆలోచన. ఢిల్లీ, దాని చుట్టుపక్కల నగరాలకు ఇది మరీ అవసరం. మద్యం తాగేందుకు చట్టబద్ధమైన వయసు ఢిల్లీలో 25 ఏళ్లు. సరిహద్దు దాటి గురుగ్రామ్‌కో నోయిడాకో వెళితే 21. అటు వెళ్లి తాగి, అర్ధరాత్రి కారులో ఇటు తిరిగొచ్చే దారిని మూడు రాష్ట్రాల పోలీసులు ముక్కలుగా పంచుకుని కాపలా కాస్తున్నారు. కారులో ఉన్న సెన్సరుకు ఈ సరిహద్దులతో పని లేదు.

సమస్య ఎంత పెద్దదన్న ప్రశ్నకు మన గణాంకాలు తడబడే జవాబిస్తాయి. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో తాగి నడపడం కారణమని నమోదైనవి నాలుగు వేలకు కాస్త ఎక్కువ. అంటే రెండున్నర శాతం. అమెరికాలో అదే ఏడాది ఈ వాటా 30 శాతానికి కాస్త ఎక్కువ. అమెరికన్ల కంటే మనవాళ్లు పన్నెండు రెట్లు బుద్ధిమంతులని ఎవరైనా నమ్మితే నమ్మవచ్చు. చనిపోయిన డ్రైవర్ రక్తాన్ని ప్రతిసారీ పరీక్షించని చోట, ఆ మరణం 'అతివేగం' ఖాతాలోకి వెళ్లిపోతుందన్నది మరింత సబబైన వివరణ.

యంత్రం సంగతి చూద్దాం. ఇప్పటికే వాడుకలో ఉన్నది ఆల్కహాల్ ఇంటర్‌లాక్. డ్రైవర్ ఒక గొట్టంలోకి ఊదాలి. లోపల ప్లాటినం పూత ఉన్న ఫ్యూయల్ సెల్ ఉంటుంది. శ్వాసలోని ఇథనాల్ అక్కడ ఆక్సీకరణ చెంది ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. ఈ చర్యలో విడుదలైన ఎలక్ట్రాన్లు విద్యుత్ ప్రవాహాన్నిస్తాయి. ఇథనాల్ ఎంత ఉంటే ప్రవాహం అంత. ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చే గాలిలో ఉన్న దానికి రక్తంలో దాదాపు 2,100 రెట్లు ఆల్కహాల్ ఉంటుందని లెక్క. కాబట్టి మన చట్టం చెప్పే 30 మిల్లీగ్రాముల హద్దు, లీటరు శ్వాసలో సుమారు 0.14 మిల్లీగ్రాములకు సమానం. అంతకు మించితే స్టార్టర్‌కు కరెంటు వెళ్లదు. ప్రయాణం మధ్యలో కూడా ఇది మళ్లీ ఊదమని అడుగుతుంది. అప్పుడు విఫలమైనా నడుస్తున్న ఇంజన్‌ను ఆపదు. హెచ్చరించి, నమోదు చేసుకుంటుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోక తప్పదు. ఏ ఇంజినీరింగ్ కళాశాల ప్రాజెక్టు ప్రదర్శనకు వెళ్లినా ఆర్డినో బోర్డు, ఎంక్యూ-3 సెన్సరు కలిపి చేసిన 'డ్రంక్ డ్రైవింగ్ నివారణ' నమూనా ఒకటి కనిపిస్తుంది. విద్యార్థుల ఉత్సాహం మెచ్చుకోదగినదే. అయితే ఆ సెన్సరులో ఉండేది వేడెక్కిన టిన్ ఆక్సైడ్. ఆల్కహాల్‌తో పాటు సెంటు, శానిటైజర్, పొగ, చివరికి గాలిలో తేమ, ఉష్ణోగ్రత మారినా దాని రీడింగ్ మారుతుంది. నమూనా పనిచేయడం వేరు. మే నెలలో 45 డిగ్రీల ఎండలో నిలిపిన కారులోనూ, జనవరి పొగమంచులో నాలుగు డిగ్రీల దగ్గరా ఏళ్ల తరబడి ఒకే జవాబివ్వడం వేరు. సెన్సరు దొరికే ధర చూసి 'చవకలో అయిపోతుంది' అనే ప్రకటనలను ఈ కారణంగానే అనుమానంగా చూడాలి.

గొట్టంలో ఊదే పని కూడా లేకుండా చేయాలని అమెరికాలో 2008 నుంచి ప్రభుత్వం, కార్ల కంపెనీలు కలిసి ఒక పరిశోధన నడుపుతున్నాయి. అందులో రెండు దారులున్నాయి. ఒకటి, స్టార్ట్ బటన్ మీద పెట్టిన వేలి చర్మంలోకి సమీప పరారుణ కాంతిని పంపి, తిరిగొచ్చిన కాంతిలో ఇథనాల్ ముద్రను వెతకడం. రెండోది, డ్రైవర్ ముందున్న గాలిని పీల్చి పరీక్షించడం. ఈ రెండో పద్ధతిలోని తెలివి ముచ్చటైనది. మనం వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు నాలుగు శాతం. బయటి గాలిలో 0.04 శాతమే. సెన్సరు దగ్గరకు చేరిన గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత పలచబడిందో కొలిస్తే, శ్వాస ఎంత పలచబడిందో తెలుస్తుంది. దాన్నిబట్టి అసలు ఆల్కహాల్ గాఢతను లెక్కకడతారు.

ఇదే పద్ధతిని శుక్రవారం అర్ధరాత్రి గురుగ్రామ్ సైబర్ హబ్ బయట ఎదురుచూసే క్యాబ్‌లో ఊహించుకుందాం. డ్రైవర్ చుక్క ముట్టలేదు. ఎక్కిన నలుగురూ పూటుగా తాగి ఉన్నారు. బయట కాలుష్యం వల్ల అద్దాలన్నీ మూసి, ఏసీ లోపలి గాలినే తిప్పుతోంది. కారులోని కార్బన్ డయాక్సైడ్, ఆల్కహాల్ ఆవిరి రెండూ ఐదుగురివీ కలిసి ఉన్నాయి. ఎవరి శ్వాస ఎవరిదో సెన్సరు విడదీయలేకపోతే, తాగినవాళ్లను క్షేమంగా ఇంటికి చేర్చే మనిషి బండే ఆగిపోతుంది. పోయేది అతని ఆ రాత్రి కిరాయి. అమెరికా ప్రయోగశాలలో నెగ్గిన పరికరాన్ని ఇలాంటి చోట పరీక్షించకుండా ఇక్కడికి తెస్తే, శిక్ష పడేది తప్పు చేయనివాడికి.

పొరపాట్ల లెక్క కూడా వేయాలి. ఉదాహరణకు ఒక నగరంలో 10 లక్షల కార్లు రోజుకు రెండుసార్లు స్టార్ట్ అవుతాయనుకుందాం. 20 లక్షల పరీక్షలు. పరికరం వెయ్యింట ఒక్కసారి తప్పు చెప్పినా రోజూ రెండు వేల మంది రోడ్డు పక్కన నిలబడిపోతారు. అందులో ఆసుపత్రికి పరుగెత్తేవాళ్లుంటారు. లక్షకు ఒక్క తప్పు అయితే ఇరవై మంది. ఈ తేడాను తేలిగ్గా తీసుకున్నందుకు అమెరికా ఒకసారి దెబ్బతింది. సీటు బెల్టు పెట్టుకోకపోతే స్టార్ట్ కాని కార్లు 1974 మోడళ్లలో వచ్చాయి. సీటులో కూరగాయల సంచి పెట్టినా మొరాయించే ఆ బళ్లపై జనం ఎంత మండిపడ్డారంటే, అదే ఏడాది ఆ నిబంధనను అక్కడి పార్లమెంటు చట్టం చేసి మరీ ఎత్తేసింది. బహుశా ఆ జ్ఞాపకం వల్లనేమో, 2021 చట్టం ప్రకారం తాగి నడపడాన్ని అడ్డుకునే పరికరాలపై 2024 నవంబరుకు రావలసిన నిబంధన గడువు దాటిపోయినా రాలేదు.

మోసానికి మార్గాలు వెతకడంలో మనం ఎవరికీ తీసిపోము. బెల్టు హెచ్చరిక మోగకుండా నోరు మూయించే క్లిప్పులు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారని 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఇ-కామర్స్ సంస్థలపై ఉత్తర్వులిచ్చింది. తొలగించిన అమ్మకపు జాబితాలు పదమూడు వేలకు పైగా ఉన్నాయి. ప్రాణాలు కాపాడే చిన్న మోతనే భరించలేని చోట, బండినే ఆపేసే పరికరానికి అడ్డదారి చూపే మెకానిక్ మొదటి వారంలోనే దొరుకుతాడు.

అందుకే అన్ని కార్లకూ ఒకేసారి అనే మాట పక్కనపెట్టి, ఫలితం తేలిన చోట మొదలుపెట్టడం మేలు. ఒకసారి పట్టుబడి శిక్షపడినవారి బళ్లకు ఇంటర్‌లాక్ పెట్టిన చోట్ల, అది ఉన్నంతకాలం మళ్లీ పట్టుబడే ఘటనలు దాదాపు 70 శాతం తగ్గాయని అధ్యయనాలు చెబుతున్నాయి. తీసేస్తే ఆ ప్రభావం చాలావరకు పోతుందన్నదీ అవే చెబుతున్నాయి. ఫ్రాన్స్ 2015 సెప్టెంబరు నుంచి ప్రయాణికుల కోచ్ బస్సులన్నిటికీ దీన్ని తప్పనిసరి చేసింది. యూరప్‌లో 2024 జులై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటిలో ఇంటర్‌లాక్ తగిలించే ఏర్పాటు ఉండాలి. పరికరం కాదు, దానికి చోటు మాత్రమే. ఖర్చు తక్కువైన ఈ పని మన తయారీదారులు రేపే చేయవచ్చు.

మన 185వ సెక్షన్‌లో మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉన్నాయి. ఇంటర్‌లాక్ షరతు లేదు. బడి బస్సులు, రాత్రి నడిచే ప్రైవేటు బస్సులు, రెండోసారి దొరికినవారి కార్లు, ఈ మూడింటికి ఆ షరతు చేర్చడం మొదటి అడుగు కావాలి. పరీక్షించే కేంద్రం దూరంలో లేదు. వాహనాలకు ధ్రువీకరణ ఇచ్చే ఐక్యాట్ గురుగ్రామ్ పక్కనే మానేసర్‌లో ఉంది. రోడ్డు పరిశోధనకు ఢిల్లీలోనే సీఎస్ఐఆర్ కేంద్ర రహదారి పరిశోధన సంస్థ ఉంది. ఎండ, దుమ్ము, మూసిన అద్దాలు, వెనక సీటులో తాగిన ప్రయాణికులు అన్నీ కలిపి అక్కడ ఒక భారతీయ ప్రమాణం తయారు చేయవచ్చు.

ఇంత చేసినా ఒక పెద్ద భాగం బయటే ఉంటుంది. 2022లో రోడ్డు మీద చనిపోయినవారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. స్కూటరుకు అద్దాలు లేవు, మూసిన గాలి లేదు. శ్వాసను గాలి ఎత్తుకుపోతుంది, చేతికి గ్లవ్ ఉంటే వేలి సెన్సరూ పనిచేయదు. అమెరికా, యూరప్ పరిశోధనలో దీనికి జవాబు వెతికే తొందర లేదు, అక్కడ సమస్య కారుది. హ్యాండిల్‌కో హెల్మెట్‌కో అమర్చగల, వానలో తడిసినా నిలిచే సెన్సరు కావాలంటే దాని మీద పని ఇక్కడే జరగాలి.