రంగు పోతుంది, ఎక్కడికి?

శని, ఆదివారాల్లో న్యూజెర్సీలో, పార్సిప్పనీలోని మా ఇంటి బేస్‌మెంట్‌లో చీరలు అమ్ముతాను. చీరాల, మంగళగిరి నూలు చీరలు, కొన్ని పోచంపల్లివి. మడత విప్పీ విప్పకముందే ఒకటే ప్రశ్న: "అక్కా, రంగు పోతుందా?" తెల్ల రుమాలు తడిపి అంచు మీద రుద్ది చూపిస్తాను. రుమాలుకు రంగంటకపోతే సగం బేరం అయినట్టే. అడగడంలో తప్పేం లేదు, డబ్బులు పెట్టేవాళ్లు అడగాల్సిందే. కాకపోతే చీరకు పట్టిన రంగు గురించి ఇంత ఆరా తీస్తాం, పట్టని రంగు ఏమైందని ఒక్కరమూ అడగం.

పట్టనిది కాస్తో కూస్తో కాదు. నూలుకు ఇప్పుడు ఎక్కువగా వాడేవి రియాక్టివ్ రంగులు. రంగునుబట్టి, పద్ధతినిబట్టి వందకు పది నుంచి నలభై పాళ్ల దాకా తొట్టి నీళ్లలోనే మిగిలిపోతుంది. రంగు పట్టడానికి కుమ్మరించిన ఉప్పు, సోడా సరేసరి. ఆ నీళ్లు కాలువలో కలిస్తే ముందు ఆగేది వెలుతురు. ఎండ లోపలికి దిగకపోతే నాచు బతకదు, ప్రాణవాయువు వదలదు. ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ బట్ట నుంచి వదిలిన గంజిని, మడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు లాగేసుకుంటాయి. చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. అడుగు బురదలో, గాలాడని చోట, వీటిలో అజో అనే రకం రంగులు విరిగి ఆరోమాటిక్ అమైన్లవుతాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ తెచ్చేవి. అందుకే నీళ్లు తేటబడగానే కాలువ బాగుపడిందనుకోవడానికి లేదు.

అలాంటి అమైన్లు వదిలే అజో రంగుల్ని యూరప్ 2002లో బట్టల్లో కట్టడి చేసింది. కిలో బట్టలో ఆ అమైన్ 30 మిల్లీగ్రాములు దాటకూడదు. మంచి చట్టమే. అయితే అది కాపాడేది కట్టుకునేవాళ్ల ఒంటిని. అద్దకం ఊళ్లోని చేపకు ఒళ్లు లేదా?

మా ఊరి పక్కగా పారే రాకవే నది విప్పనీతో కలిసి పసాయిక్‌లో పడుతుంది. ఆ పసాయిక్ అరగంట దారిలో, ప్యాటర్సన్ దగ్గర, 77 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్లి ఫొటోలు తీస్తాం. ఒకప్పుడు ప్యాటర్సన్ అమెరికాకు 'సిల్క్ సిటీ'. 1913లో దాదాపు 25 వేల మంది పట్టు కార్మికులు అక్కడ సమ్మె కట్టారు. ఆవిరిలో, తడిలో రోజంతా నానే అద్దకం పనివాళ్లూ అందులో ఉన్నారు. ఆ షెడ్ల మురుగు పోయింది పసాయిక్‌లోకే. ఇప్పుడు జలపాతంలో ఆ రంగులు లేవు. (దిగువన నెవార్క్ వైపు ఇప్పటికీ పీతలు పట్టకూడదు. అది కలుపు మందుల ఫ్యాక్టరీ డయాక్సిన్ పుణ్యం, పట్టుది కాదు.) 1972 నాటి స్వచ్ఛ జల చట్టం గట్టిదే, కాదనను. కానీ మిల్లులూ మూతపడ్డాయిగా! కట్టుకునే బట్ట మాత్రం ఎక్కడో ఒకచోట అద్దకం కావాల్సిందే.

పిల్లల టీషర్టు మెడ దగ్గరి చీటీ మీద ఇండియా అని ఉంటే, అది తిరుప్పూరుదయ్యే అవకాశమే ఎక్కువ. అక్కడ నొయ్యల్ నది మీద సాగు కోసం 1992లో కట్టిన ఒరత్తుపాళయం డ్యామ్ కాస్తా అద్దకం నీళ్ల గుంటయింది. ఆయకట్టు రైతులే కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూయించింది. చుక్క మురుగైనా బయటికి వదలబోమంటేనే తెరవమంది. యజమానులు గగ్గోలు పెట్టారు. చివరికి నీళ్లు వడగట్టి, ఉప్పునీళ్లు మరిగించి, మళ్లీ వాడుకునే దారి పట్టారు. ఖర్చు పెరిగింది గానీ, తిరుప్పూరు వ్యాపారం మునిగిపోలేదు.

మనకూ వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది. 2017లో శంకుస్థాపన అయింది. 2023లో కేంద్రం పీఎం మిత్ర టెక్స్‌టైల్ పార్కుల పథకానికి తెలంగాణ నుంచి దీన్నే ఎంచుకుంది. అక్కడ ఎన్ని అద్దకం తొట్లు నిండుతాయో అన్ని నీళ్లనూ శుద్ధి చేసే ప్లాంటు ముందు నడవాలి, తొట్లు తర్వాత. ముందు ఉద్యోగాలు రానీయండి, మురుగు సంగతి తర్వాత చూద్దామనే మాట నొయ్యల్ ఒడ్డునా విన్నదే.

పెరట్లో నాలుగు తొట్లు పెట్టుకుని చిలపలు అద్దే మనిషిని మాత్రం సొంతంగా ప్లాంటు కట్టుకోమనడం అన్యాయం. వాళ్లకు ఉమ్మడి శుద్ధి కేంద్రం ప్రభుత్వమే కట్టించాలి. నడిపే ఖర్చులో అమ్మేవాళ్లం, కొనేవాళ్లం తలా కాస్త మోయాలి. బ్లౌజు కుట్టుకూలికి ఇక్కడ నలభై డాలర్లు కిక్కురుమనకుండా ఇచ్చేవాళ్లం, దీనికోసం చీర మీద రెండు డాలర్లు ఎక్కువ చెబితే బేరమాడతామా? ఆడితే నేనైతే తగ్గించను.