గృహయంత్ర విషయములు: పాత కారు వేడెక్కుట

మా సోదరీమణులలో పెక్కండ్రు నేడు కారును స్వయముగా నడుపుకొనుచున్నారు. ఇంట నున్నది పాత మారుతి 800 యే యైనను, పిల్లలను బడికి గొనిపోవుటకును, పెద్దలను వైద్యుని కడకు జేర్చుటకును అదియే యాధారము. వేసవిలో నది నడిత్రోవను మరిగి నిలిచిన చిక్కు. తొందరపడి మూత తెరువబోయి ముఖము కాల్చుకొన్న నాపద. కావున నీ మాసము ఆ విషయమును ముచ్చటింతుము.

ఇంజనులో బుట్టు వేడిని కూలెంటు రేడియేటరునకు గొనిపోవును. బండి వేగముగ సాగునపుడు ఎదురుగాలియే దానిని జల్లార్చును. నిలిచినపుడు ఆ పని ఫ్యానుదే. అంబాసిడరులో ఫ్యానును ఇంజనే బెల్టుతో ద్రిప్పును. మారుతి 800లో నది విద్యుత్తుచే దిరుగును. కూలెంటు తగినంత కాగినపుడు ఒక స్విచ్చి దానిని నడుపును. ఈ రెండు బండ్ల నిర్మాణము 2014లో నిలిచిపోయినది.

కనుక వేడిని దెలుపు ముల్లు ఎప్పుడు పైకెక్కుచున్నదో మొదట గమనింపుడు. కూడలిలో నిలిచినపుడెక్కి, బండి సాగగనే దిగినచో అనుమానము ఫ్యానుపై నుంచవలెను. వేగముగ సాగుచుండగ నెక్కినచో కూలెంటు తగ్గినదో, రేడియేటరు పూడినదో, థర్మోస్టాటు తెరచుకొనుట లేదో, నీటిపంపు చెడినదో యని తలపవలెను. పైకెక్కిన ముల్లు హఠాత్తుగ నడుగునకు బడినచో సంతసింపరాదు. కూలెంటు కారిపోయి, వేడిని గొలుచు సాధనమునకు దగులకున్నను అట్లగును.

ఫ్యానును బరీక్షించుట కష్టము కాదు. ఆరుబయట బండిని నిలిపి, ఏ.సి. ఆపి, ఇంజనును నడువనిండు. ముల్లు నడిమి గుర్తును దాటి పోవుచున్నను ఫ్యాను తిరుగకున్న, వెంటనే ఇంజను నాపి ఫ్యూజును జూడుడు. అది బాగున్నచో మెకానిక్కుచేత ఫ్యానునకు బ్యాటరీనుండి నేరుగ 12 వోల్టుల విద్యుత్తు నిప్పింపుడు. తిరిగెనా, మోటారు మంచిదే. దోషము స్విచ్చిలోనో, రిలేలోనో, తీగలలోనో యున్నది. తిరుగదా, మోటారే చెడినది. ఈ పరీక్ష చేయకయే రేడియేటరు మార్పవలెనను వారికి సొమ్మీయకుడు. ఇంజను ఆపిన పిదపను కొన్ని బండ్లలో ఫ్యాను తనంత దానే తిరుగును. కొంగు, జడ, చేతులు దూరముగ నుంచుకొనవలెను.

దారిలో ముల్లు ఎర్రగీతను జేరినచో ఏ.సి. ఆపి, హీటరును పూర్తిగ దెరువుడు. అది ఇంజను వేడిని గొంత లాగివేయును. వీలైనంత త్వరగ బ్రక్కకు నిలిపి ఇంజను నాపుడు. అర్ధగంటకు దక్కువగాక, పూర్తిగ జల్లారువరకు రేడియేటరు మూతను దాకవలదు. లోని యొత్తిడిచే కూలెంటు 100 డిగ్రీలు దాటియు మరుగకుండును; మూత వదులైన క్షణముననే భగ్గున బైకెగయును. కాగిన ఇంజనులో జన్నీరు పోసిన లోహము బీటలు వారవచ్చును. ఇల్లు దగ్గరనే యున్నదని యట్లే నడిపినచో హెడ్డు గ్యాస్కెటు చెడి, చిన్న ఫ్యూజుతో దీరవలసిన పని పెద్ద వ్యయమునకు దారితీయును.

వారమున కొకమారు, ఉదయమున ఇంజను చల్లగ నున్నపుడు, కూలెంటు మట్టమును జూచుకొనుడు. అది మాటిమాటికి దగ్గుచున్నచో ఎక్కడనో కారుచున్నదని గ్రహింపుడు. గ్లైకాలు గల కూలెంటు తియ్యగ నుండు విషము. పిల్లలకును, పెంపుడు జంతువులకును అందనీయరాదు. ముల్లును జదువ నేర్చిన యిల్లాలికి బండి ముందుగనే తన బాధ జెప్పుకొనును. వినుటయే మన వంతు.