పంపు అంటే భయం, సిరప్ అంటే ధీమా

పగలంతా చలాకీగా ఆడుకున్న పిల్లాడు అర్ధరాత్రి దాటాక దగ్గుతో లేచి కూర్చుంటాడు. ఇలా వారాలు గడుస్తాయి. ఒక సిరప్ అయిపోతే మరొకటి వస్తుంది. డాక్టరు ఉబ్బసమేమోనని ఇన్‌హేలర్, అంటే పంపు, రాసిన రోజున మాత్రం ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడతారు: ‘అప్పుడే పంపా? అలవాటైపోతుంది!’

భయపడాల్సింది దేనికో మనం తారుమారు చేసుకున్నాం. శ్వాసనాళాలు తెరుచుకునేలా చేసే సాల్బుటమాల్ మాత్రలో 2 లేదా 4 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. పంపు ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు, అంటే చిన్న మాత్రలో ఇరవయ్యో వంతు. నేరుగా శ్వాసనాళాల్లోకి వెళ్తుంది కాబట్టి అంత చాలు. ఇక సిరప్ సంగతి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి ఇరవై మందికి పైగా పసివాళ్లు చనిపోయారు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని, అయిదేళ్లలోపు వారికి సాధారణంగా అవసరం లేదని అప్పుడు కేంద్రం చెప్పింది.

సాల్బుటమాల్ ఉపశమనం కొన్ని గంటలే. ఉబ్బసంలో అసలు సమస్య శ్వాసనాళాల లోపలి వాపు. దాన్ని తగ్గించేది రోజూ పీల్చే బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్. ఆ మాట వినగానే తల్లి గుండె గుభేలుమంటుంది. నష్టం బొత్తిగా లేదనడం అబద్ధమే: కొన్నేళ్లపాటు బుడెసొనైడ్ పీల్చిన పిల్లలు పెద్దయ్యాక, అది పీల్చని వారికంటే సగటున 1.2 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నట్టు ఒక అమెరికా అధ్యయనం 2012లో తేల్చింది. కానీ ఆయాసం ముదిరి ఆస్పత్రిలో చేరితే నోటి ద్వారా ఇచ్చే స్టెరాయిడ్ మోతాదు ఇలా పీల్చేదానికి ఎన్నో రెట్లు.

అలాగని రాత్రి దగ్గంతా ఉబ్బసం కాదు. జలుబు తర్వాత మిగిలిన దగ్గు కావచ్చు, క్షయ కావచ్చు, శ్వాసనాళంలోకి జారిన వేరుశనగ గింజ కావచ్చు. పిల్లికూతలు లేని దగ్గయితే డాక్టరు స్టెరాయిడ్ పంపును కొన్ని వారాలు వాడించి, ఆపి చూడాలి. గుణం లేకపోతే మోతాదు పెంచడం కాదు, వేరే కారణం వెతకాలి.

చిన్నపిల్లలకు పంపుకూ నోటికీ మధ్య పెట్టే గొట్టం, అంటే స్పేసర్, తప్పనిసరి. అది లేకుండా నొక్కితే మందులో ఎక్కువ భాగం నోట్లోనే ఉండిపోతుంది. కొనలేని వారి కోసం దక్షిణాఫ్రికా వైద్యులు 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాతోనే స్పేసర్ చేసి, అది బాగానే పనిచేస్తుందని 1999లో చూపించారు.

మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేపమందు కోసం పిల్లల్ని ఎత్తుకుని గంటల తరబడి నిలబడే తల్లిదండ్రులకు ఓపిక తక్కువ కాదు. కానీ ఆ మందు ఉబ్బసం తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. సాల్బుటమాల్, బుడెసొనైడ్ రెండూ జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ పంపులూ, స్పేసర్లూ, వాటిని వాడటం ఆ తల్లి చేత చేయించి చూసే నర్సూ ఉండేలా రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చూడాలి.